వేలూరు ఎండకు నిలిచే వాచీ

కాట్పాడి జంక్షన్‌లో రైలు దిగి వేలూరు బస్సెక్కే తెలుగువాళ్లు రోజూ కనిపిస్తారు. చిత్తూరు, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి సీఎంసీ ఆసుపత్రికి వచ్చేవాళ్లు కొందరు. వీఐటీలో చదివే పిల్లల్ని చూసిపోవడానికి వచ్చే అమ్మానాన్నలు కొందరు. గుడియాత్తం మనకు ఇంకా దగ్గర. పలమనేరు వైపు నుంచి పారే కౌండిన్య నది ఆ ఊరి మీదుగానే పోతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరూ గుడియాత్తమూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోవి. ఈ దారుల్లో తిరిగే మనిషి చేతికి ఎలాంటి మెకానికల్ వాచీ పనికొస్తుంది? స్ప్రింగు, పళ్లచక్రాలతో నడిచే వాచీ మీద మళ్లీ మోజు పుట్టిన కుర్రవాళ్లూ, నాన్న వాచీని బీరువాలోంచి తీసి చూసుకునే పెద్దవాళ్లూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నారు.

టైము కచ్చితంగా తెలియడమే కావాలంటే సెల్లు వాచీ చాలు. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మామూలు సెల్లు వాచీ నెలకు పదిహేను సెకన్లు అటూ ఇటూ అవుతుంది. మెకానికల్ వాచీలో ఆ తేడా ఒక్క రోజులోనే రావచ్చు. అయినా దాన్ని ఎందుకు కోరుకోవాలంటే, అందులో అరిగేదీ, విరిగేదీ అంతా చేత్తో విప్పి సరిచేయగలిగిందే. సర్క్యూట్ కాలిపోతే సెల్లు వాచీ లోపలి మిషను మొత్తం మార్చాల్సిందే. మెకానికల్ వాచీలో అయితే పాడైన చక్రం తీసేసి ఇంకో చక్రం వేస్తారు. బాగుచేసే మనిషీ, విడిభాగమూ దొరికినంతకాలం అది నడుస్తుంది. అందుకే నా లెక్కలో నమ్మకమైన వాచీ అంటే మన ఊళ్లో, కాకపోతే ఒక బస్సు దూరంలో, బాగుచేయించుకోగల వాచీ. పేరూ, ధరా, మెరుపూ ఆ తర్వాతి సంగతులు.

లోపల ఏం జరుగుతుందో ఒకసారి చూస్తే మిగతా సలహాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. పాత హెచ్‌ఎంటీ జనతా ఒకటి తీసుకుందాం. మెకానిక్ వెనక మూత తీసి, కంటికి భూతద్దం బిగించి చూపిస్తే, ముందుగా కంట్లో పడేది అటూ ఇటూ ఊగే చిన్న చక్రం. అది బ్యాలెన్స్ వీలు. దాని ఇరుసు చుట్టూ వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్టలు చుట్టుకుని ఉంటుంది. చక్రం ఊగినప్పుడల్లా ఆ చుట్టలు విచ్చుకుని, ముడుచుకుంటాయి. మనం కీ ఇచ్చినప్పుడు బిగుసుకున్న పెద్ద స్ప్రింగు వదులవుతూ పళ్లచక్రాలను తోస్తుంది. ఈ ఊగే చక్రం ఒక్కో ఊపుకీ ఒక్కో పన్నునే వదులుతుంది. టిక్కుమనే చప్పుడు అదే. జనతాలో గంటకు 18,000 టిక్కులు, అంటే సెకనుకు ఐదు. రోజుకు 4,32,000. చక్రాల ఇరుసులు తిరిగేచోట అరుగుదల లేకుండా కృత్రిమ కెంపులు పొదుగుతారు. డయల్ మీద ‘17 జ్యువెల్స్’ అని రాసేది వాటి గురించే. ఆ కెంపుల దగ్గర చుక్కలో నూరోవంతు కూడా ఉండని నూనె ఉంటుంది. వాచీ ఆరోగ్యం చాలావరకు ఆ నూనె మీదే ఆధారపడి ఉంది. అది ఎండిపోయినా, దాంట్లో దుమ్ము చేరినా ఇరుసు అరగడం మొదలవుతుంది. వాచీ మాత్రం నడుస్తూనే ఉంటుంది కాబట్టి మనకు తెలియదు.

వేలూరూ గుడియాత్తమూ ఉన్న చెన్నై–బెంగళూరు దారి మన దేశపు చేతి గడియారాల దారి కూడా. బెంగళూరులో హెచ్‌ఎంటీ 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో వాచీల తయారీ మొదలుపెట్టింది. తొలి వాచీలను జవహర్‌లాల్ నెహ్రూ విడుదల చేశారు. జనతా, పైలట్, కాంచన్, సోనా, కోహినూర్ అనే పేర్లు ఒక తరం మొత్తానికి తెలుసు. ఉద్యోగం వచ్చిందంటే హెచ్‌ఎంటీ, పెళ్లయిందంటే హెచ్‌ఎంటీ. హైదరాబాదు ఆల్విన్ కంపెనీ కూడా జపాను సీకో సహకారంతో వాచీలు చేసింది. తర్వాత టాటాలూ, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటాన్‌ను స్థాపించి హోసూరులో కర్మాగారం పెట్టాయి. తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో ఉన్న ఊరు హోసూరు. టైటాన్ మొదటినుంచీ సెల్లు వాచీల మీదే నిలబడింది. సన్నగా, అందంగా, కీ ఇచ్చే పని లేకుండా వచ్చిన ఆ వాచీలతో హెచ్‌ఎంటీ పోటీపడలేకపోయింది. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ కంపెనీని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఆ మార్పు దెబ్బ కంపెనీ మీదే పడలేదు. బజారులో చిన్న బల్ల వేసుకుని, గాజుపెట్టె వెనక కూర్చునే వాచీ మెకానిక్కుల మీద కూడా పడింది. సెల్లు మార్చడం, బెల్టు మార్చడం, అద్దం బిగించడం వాళ్ల రోజువారీ పని అయింది. హెయిర్ స్ప్రింగు వంకర తీయగలిగినవాళ్ల దగ్గర ఆ పని నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. ఇప్పుడు మెకానికల్ వాచీ కొనేవాడికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాచీ ఆన్‌లైన్‌లో రెండు రోజుల్లో ఇంటికొస్తుంది, దాన్ని విప్పే చెయ్యి అంత సులువుగా దొరకదు.

కాబట్టి కొనేటప్పుడు మొదట అడగాల్సింది లోపలి మిషను ఏదని. ప్రపంచంలో అన్నిచోట్లా తిరిగే మిషన్లు కొన్నే ఉన్నాయి. సీకో వాళ్ల 4ఆర్35, ఇతర కంపెనీలకు అమ్మే దాని తోబుట్టువు ఎన్‌హెచ్35, సిటిజన్ కుటుంబంలోని మియోటా 8215, స్విట్జర్లాండు నుంచి ఈటీఏ 2824, దాన్నే అనుసరించి చేసిన సెల్లిటా ఎస్‌డబ్ల్యూ200. వీటికి విడిభాగాలు దొరుకుతాయి, మెకానిక్కులకు వీటి తీరు తెలుసు. మరీ పాడైతే ఎన్‌హెచ్35 లాంటిదాన్ని మొత్తంగా మార్చేయడం కూడా కష్టం కాదు. సీకో 5 శ్రేణి 1963 నుంచి వస్తోంది. గల్ఫు నుంచి వచ్చేవాళ్లు తెచ్చిన సీకో 5 చేతికి ఉన్న బంధువు మనలో చాలామందికి ఉంటాడు. అందుకే మన మెకానిక్కులకు ఆ మిషన్లు చేతికలవాటు. క్రోనోగ్రాఫ్, చంద్రకళలు, తెరిచి ఉంచిన డయల్ వంటి హంగులున్నవి చూడ్డానికి బాగుంటాయి, విప్పినవాడికి చుక్కలు చూపిస్తాయి. రోజూ పెట్టుకునేదానికి మూడు ముళ్లూ, తేదీ చాలు.

కచ్చితత్వం గురించి ఎక్కువ బెంగపెట్టుకోవద్దు. ఎన్‌హెచ్35కు కంపెనీ చెప్పే హద్దే రోజుకు ఇరవై సెకన్లు వెనకనుంచి నలభై సెకన్లు ముందు వరకు. మంచి వాచీలు అంతకంటే చాలా బాగా నడుస్తాయి. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ అనిపించుకోవాలంటే సగటున రోజుకు నాలుగు సెకన్లకు మించి వెనకబడకూడదు, ఆరుకు మించి ముందుకు పోకూడదు. రోజులో 86,400 సెకన్లుంటే అందులో ఇరవై తప్పడమంటే పదివేలకు రెండు పాళ్లు. కాట్పాడిలో రైలు పోగొట్టుకునేంత తప్పు కాదది. వారానికోసారి ఫోను చూసి దిద్దుకుంటే సరి. రాత్రి వాచీని ఎలా పెడతామన్నదాన్ని బట్టి కూడా నడక మారుతుంది. డయల్ పైకి ఉంచి కొన్ని రాత్రులు, కీ పైకి ఉండేలా పక్కకు నిలబెట్టి కొన్ని రాత్రులు పెట్టి చూడండి. ఎలా పెడితే పగటి తేడా సర్దుకుంటుందో తెలిసిపోతుంది, మెకానిక్ దగ్గరికి వెళ్లే పనే ఉండదు.

ఇక వేలూరు ఎండ. కత్తిరి రోజుల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లివి. మే నెలలో గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు ఆ ఎండా, ఆ జనమూ, ఆ చెమటా తెలుసు. మన చేతుల మీద వాచీకి నీళ్లకంటే పెద్ద శత్రువు చెమటే. ఉప్పు చెమట వెనక మూత అంచులో, కీ గొట్టంలో, చైను కొక్కేల్లో చేరి తుప్పు పట్టిస్తుంది. పాత వాచీల కేసు ఇత్తడి మీద క్రోమియం పూతతో ఉండేది. పూత పోయినచోట పచ్చటి చిలుము కనబడుతుంది. కొత్తది కొనేవాళ్లు కేసు మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలుదేనా అని చూసుకోవాలి. చాలా వాచీల్లో వెనక మూత మాత్రమే స్టీలు, అందుకే వెనక రాసిన ఆ మాట ఒక్కటి చూసి నమ్మకూడదు.

నీళ్ల విషయంలో అంకెలు మోసం చేస్తాయి. 30 మీటర్లు అని రాసినంత మాత్రాన ముప్పై మీటర్ల లోతుకు దిగమని కాదు. చేతులు కడుక్కునేటప్పుడు చిందే నీటికి, చిన్న జల్లుకు మాత్రమే అది ఓర్చుకుంటుందని అర్థం. 50 మీటర్లది వానలో తడిసినా ఫరవాలేదు. 100 మీటర్లయితే బావిలో ఈత కొట్టవచ్చు. 200 మీటర్ల డైవర్ వాచీ మనలో ఎక్కువమందికి అవసరం లేదు, ఉంటే మంచిదే. వేలూరు, గుడియాత్తంలో ఉండేవాళ్లకు నేను 100 మీటర్లకు తక్కువ కొనమని చెప్పను. ఆ అంకె కూడా లోపలి రబ్బరు రింగు బాగున్నంతవరకే. రింగు ఎండకు గట్టిపడి పగులుతుంది. మూత తీసిన ప్రతిసారీ రింగు మార్చారా లేదా అని అడిగి తెలుసుకోండి. అద్దం లోపల ఆవిరి కనిపించిందంటే, ఎండలో పెడితే ఆరిపోతుందిలే అనుకోకండి. ఆవిరి పోతుంది, తుప్పు మిగులుతుంది. ఆ రోజే విప్పించాలి.

బెల్టు సంగతి చెప్పాలంటే, ఆంబూరు, వాణియంబాడి, పేర్ణాంబట్టు, రాణిపేట చుట్టూ ఉన్నదంతా తోలు పరిశ్రమే. మంచి తోలు బెల్టుకు ఇక్కడ కొదవ లేదు. కానీ ఇక్కడి వేసవిలో తోలు బెల్టు చెమట పీల్చుకుని గట్టిపడుతుంది, వాసన వేస్తుంది. తోలును పెళ్లిళ్లకూ, మార్గశిరం పుష్యం చలికీ ఉంచుకుని, రోజువారీకి స్టీలు చైనో, నైలాను పట్టీయో, రబ్బరు బెల్టో వాడటం మేలు. నైలాను పట్టీని సబ్బుతో ఉతికి ఆరేసుకోవచ్చు. వాచీ కొనేటప్పుడే బెల్టు వెడల్పు 18, 20 లేదా 22 మిల్లీమీటర్లలో ఒకటై ఉండేలా చూసుకుంటే ఏ ఊరి షాపులోనైనా మారుబెల్టు దొరుకుతుంది.

అయస్కాంతం గురించి మనవాళ్లకు పెద్దగా తెలియదు. హెయిర్ స్ప్రింగుకు అయస్కాంతం సోకితే దాని చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఊపు పొట్టిదవుతుంది. అప్పుడు వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పరిగెడుతుంది. యాంటీ మాగ్నెటిక్ అని రాసిన మామూలు వాచీ మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే సుమారు 60 గాస్ వరకు తట్టుకోవాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఆసుపత్రుల్లో ఉండే 1.5 టెస్లా ఎంఆర్‌ఐ యంత్రం బలం 15,000 గాస్. అంటే 250 రెట్లు. రోగికి తోడుగా వచ్చి, సాయం పట్టడానికి స్కాన్ గదిలోకి అడుగుపెట్టేవాళ్లు కూడా వాచీ తీసి బయటే ఇచ్చి వెళ్లాలి. అది ముందు ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త, తర్వాతే వాచీది. ఇంట్లో స్పీకరు, ఫోను కవరు అయస్కాంతం, హ్యాండ్‌బ్యాగు బటను పక్కన వాచీని రాత్రంతా పెట్టకండి. విమానాశ్రయంలో సామాను వెళ్లే ఎక్స్‌రే యంత్రంతో మాత్రం భయం లేదు. ఒకవేళ అయస్కాంతం సోకినా కంగారుపడవద్దు. డీమాగ్నెటైజర్ ఉన్న మెకానిక్ నిమిషంలో తీసేస్తాడు. ఇది తెలియక మొత్తం సర్వీసింగుకు డబ్బు పోసేవాళ్లున్నారు.

దెబ్బల నుంచి కాపాడటానికి బ్యాలెన్స్ వీలు ఇరుసు మొనల దగ్గర చిన్న స్ప్రింగు మెత్తలుంటాయి. సీకో దాన్ని డయాషాక్ అంటుంది, సిటిజన్‌తో పాటు మన హెచ్‌ఎంటీ పారాషాక్ అంది, స్విస్ వాచీల్లో ఇన్‌కాబ్లాక్ ఉంటుంది. చేయి తలుపుకు తగిలితే, బస్సు గోతిలో పడితే ఇవి కాస్తాయి. పలమనేరు–గుడియాత్తం దారిలో మోటారుసైకిలు ప్రయాణం కూడా ఓర్చుకుంటాయి. సుత్తిపని, డ్రిల్లింగు మిషను, మరమగ్గం దగ్గర గంటలకొద్దీ అదురు మాత్రం వేరే సంగతి. లుంగీల నేతకు పేరుపడ్డ గుడియాత్తంలో ఈ మాట చెప్పకపోతే తప్పవుతుంది. పనివేళ వాచీ గూట్లో ఉండాలి.

ఆటోమేటిక్ కొనాలా, కీ ఇచ్చేది కొనాలా అన్నది మీ చేయి ఎంత కదులుతుందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆటోమేటిక్‌లో అర్ధచంద్రాకారపు బరువు ఒకటి చేయి కదిలినప్పుడల్లా తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. నిండా బిగిస్తే మామూలు మిషను నలభై గంటలు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం తీసిపెట్టినది సోమవారం తెల్లవారేసరికి ఆగిపోయి ఉంటుందన్నమాట. స్వాచ్ గ్రూపు పవర్‌మ్యాటిక్ 80 అయితే ఎనభై గంటలు. రోజంతా తిరిగేవాళ్లకు ఆటోమేటిక్ హాయి. గల్లాపెట్టె దగ్గర కదలకుండా కూర్చునేవాళ్లకూ, పెద్ద వయసువాళ్లకూ అది సరిగా నిండదు. వాళ్లకు పొద్దున్నే ఒకే వేళకు కీ ఇచ్చే వాచీ మంచిది. బిగువు తెలిసేదాకా ఇచ్చి ఆపేయాలి, బలవంతం చేయకూడదు. సీకో పాత 7ఎస్26 మిషను ఉన్న వాచీలకు కీ ఇవ్వడం కుదరదు, ఊపితేనే మొదలవుతాయి. పాతది కొనేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ప్రయాణాల్లో మన భారతీయుల చిక్కు అరగంట. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు, డాలస్ చలికాలంలో పదకొండున్నర, ఎండాకాలంలో పదిన్నర. నాలుగో ముల్లున్న జీఎంటీ వాచీల మీద చాలామందికి ఆశ. సీకో 2022లో ఆటోమేటిక్ సీకో 5 జీఎంటీ తెచ్చాక అవి కాస్త అందుబాటులోకి వచ్చాయి. అయితే అలాంటి వాటిలో ఆ ముల్లు గంట గంటకే గెంతుతుంది, అరగంట మనమే మనసులో కలుపుకోవాలి. ఏ ముళ్ల వాచీతోనైనా పనిచేసే ఉపాయం ఒకటుంది. చలికాలంలో లండను మనకంటే ఐదున్నర గంటలు వెనక కదా, వాచీని తలకిందులుగా తిప్పి చూస్తే అక్కడి టైము ఇంచుమించు కనబడుతుంది. ఇక్కడ పగలు పన్నెండైతే తలకిందుల వాచీ ఆరున్నర చూపిస్తుంది, అక్కడ అప్పుడు అంతే. తేదీ మార్చేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య తేదీ మార్చే పళ్లు కలిసి ఉంటాయి. ఆ వేళ కీతో తేదీ తిప్పితే పన్ను విరుగుతుంది. ముళ్లను ఆరు దగ్గరికి తిప్పి, తర్వాత తేదీ మార్చండి.

సైజు విషయంలో మన మణికట్లకు 36 నుంచి 40 మిల్లీమీటర్లు చాలు. సెకన్ల ముల్లు స్పష్టంగా ఉండాలి. నాడి చూసే నర్సులకు, వేలూరులో చదివే మెడికల్ విద్యార్థులకు అది అలంకారం కాదు, పనిముట్టు.

పాత హెచ్‌ఎంటీ కొనాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. ఆన్‌లైన్‌లో తళతళలాడే జనతాలు, పైలట్లు చాలావరకు డయల్‌కు కొత్త రంగు వేసి, నాలుగైదు వాచీల భాగాలు కలిపి చేసినవి. అక్షరాల అంచులు చెదిరి ఉన్నా, గుర్తుల మీద రంగు పొంగినా, ముళ్లు డయల్ అంచుకు అందకపోయినా అనుమానించండి. కొద్దిగా వెలిసిన అసలు డయల్, రంగు మారిన తెల్లదనం ఉన్న వాచీ వాటికంటే ఎంతో విలువైనది. అయినా సరే, దాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడమని నేను చెప్పను. ఆ కాలపు కేసు చెమటకు ఆగదు, అక్రిలిక్ అద్దం మీద ఇట్టే గీతలు పడతాయి. ఇంట్లో జరిగే శుభకార్యాలకు, ఆఫీసుకు అది సరిగ్గా సరిపోతుంది.

ఒక్క వాచీయే కొనేవాళ్లకు నా తీర్పు ఇది: 38 మిల్లీమీటర్ల దరిదాపుల్లో, మొత్తం స్టీలు కేసు, 100 మీటర్ల నీటి ఓర్పు, తేదీ, మూడు ముళ్లు, సీకో లేదా మియోటా మామూలు ఆటోమేటిక్ మిషను. అద్దం సఫైర్ అయితే సంతోషం, లేకపోయినా నష్టం లేదు. డబ్బు మిగిలితే దాన్ని డయల్ మీది పేరుకు కాకుండా ఐదేళ్ల తర్వాతి సర్వీసింగుకు దాచుకోండి.

కొనకముందే మీ ఊరి మెకానిక్ దగ్గరికి ఒకసారి వెళ్లండి. ఈ మిషను విప్పుతారా, భాగాలన్నీ విడదీసి కడిగి నూనె వేస్తారా లేక మొత్తాన్ని పెట్రోల్లో ముంచి తీస్తారా, నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ ఉందా అని అడగండి. సూటిగా జవాబు చెప్పే మనిషి దొరికితే ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఇంట్లో నాన్నదో తాతదో పాత వాచీ ఉంటే, కీ ఇచ్చి నడిపి చూడాలన్న ఆత్రం ఆపుకుని, ముందు అదే మనిషి చేత నూనె వేయించండి.